సాక్షిగా వచ్చిన అత్త

తాత వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలన్నారు. ఒకరు పక్కింటి పెద్దాయన. రెండో మనిషిగా అత్త పేరు చెప్పింది మా అమ్మ. అత్త చదువుకుంది, సంతకం గుండ్రంగా పెడుతుంది, పైగా ఆస్తిలో ఆమెకేం సంబంధం లేదు కదా, అని. అత్త నవ్వి సరేనంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కానీ అలాంటివి నేను డైరీలో రాస్తాను, పైకి అనను.

అత్త తాతకు కూతురు, మా బాపు చెల్లెలు. మామ పోయాక, నాలుగేళ్ల కింద మా ఇంటికి వచ్చింది. వెనక గదిలో పడుకుంటుంది. పగలు అక్కడే కూర్చుని మా సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, నేతకు నూలు కండెలు చుడుతుంది. బాపు మస్కట్‌లో ఉంటాడు. ఇల్లూ, రెండు సాంచెలూ ఆయనకే వస్తాయని మేమంతా అనుకున్నాం. ఆ తర్వాత అత్త ఎక్కడుండాలన్నది మా దయే. ఎవరైనా అడిగితే ఆమె "మా అన్న ఇల్లు" అనేది, ఒక్కసారి కూడా "మా ఇల్లు" అనలేదు.

సాంచెల చప్పుడులో ముప్పై ఏళ్లు పనిచేసిన తాతకు మెల్లగా మాట్లాడడం రాదు. ఏం కూర అని అడిగినా మూడిళ్లకు వినిపిస్తుంది. అందుకేనేమో, వీలునామా రాయించడానికి వారం ముందు ఒక్కడే బస్సెక్కి పోయాడు. ఏం రాయించావని అమ్మ అడిగితే చెవుడు వచ్చినట్టు కూర్చున్నాడు.

రిజిస్ట్రేషన్ రోజు తాతకు తోడుగా నేనూ పోయాను. ఆఫీసు పక్క రేకుల షెడ్డులో డాక్యుమెంట్ రైటర్ కాగితాలు సర్దుతూ, సాక్షుల ఆధార్ జిరాక్సులు చూసి ఆగాడు.

"ఈమెతోని సాక్షి పెట్టియ్యద్దు. ఈమె పేరు లోపలున్నది గద," అన్నాడు తాతతో.

పేరేమైనా తప్పు పడిందేమోనని అత్త తన కార్డు తిప్పి చూసుకుంది. రైటర్ వీలునామా ఆమె ముందు పెట్టి వేలితో చూపించాడు. వెనక గది, సందులోకి ఉన్న తలుపుతో సహా, ఇంకా ఒక సాంచె ఆమెకు. మిగతాది బాపుకు. బాపును తాత ముందే ఫోన్లో అడిగాడట.

నాలుగు వరుసలే. అత్త చాలాసేపు చదివింది.

"నాతోని ఒక్క మాట చెప్పకపోతివి బాపు," అంది తాతతో.

"చెప్తే వద్దంటవు. గందుకే చెప్పలే."

గుసగుసగానే అన్నానని తాత అనుకున్నాడు. బయట వరుసలో నిలబడ్డవాళ్లంతా మావైపు తిరిగారు.

మరి రెండో సాక్షి ఎవరు? పక్కింటాయన నన్ను చూపించాడు. నాకు ఇరవై మూడేళ్లు, కాగితంలో నా పేరు లేదు, తప్పించుకునే దారీ లేదు. లోపల అధికారి పేరడిగితే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి నాకే వినబడలేదు.

తిరుగు బస్సులో అత్త కొంతదూరం కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత వంగి, ముందు సీట్లో ఉన్న తాత భుజం తట్టింది.

"ఆ వెనక అర్రల రెండు రేకులు వానకు కురుస్తున్నయ్ బాపు. మార్పియ్యాలె."

నాలుగేళ్లలో ఆమె ఏదైనా కావాలని అడగడం నేను వినలేదు.

"నేనింక సావలే బిడ్డా. ఇంకా అది నా అర్రనే," అన్నాడు తాత, బస్సంతా వినేలా.

"నీదైతే నువ్వే మార్పియ్యి మరి."

బస్టాండులో దిగి ఇద్దరూ వాదించుకుంటూనే రేకుల దుకాణం వైపు పోయారు. నేను కాగితాల సంచితో ఇంటికొచ్చి అమ్మకు జరిగిందంతా చెప్పాను.  అమ్మ ఫోన్ అందుకుని, రెండే ఎందుకు, గది మొత్తానికీ కొత్తవి తెమ్మని అత్తకు చెప్పింది.