మంచం కింద ఇటుకలు

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా మామకు గుండెల్లో మంట పట్టుకుంది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది డోన్ దగ్గర పల్లె. మామ రాగిసంగటి, కారంగా నూరిన ఊరిమిండి కడుపునిండా తిని నడుం వాల్చాడో లేదో, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. అత్త వండినన్నాళ్లూ లేనిది నేను వండితే వచ్చింది. ఆమెకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది.

"కోడలు మందు పెట్టిండాది, ఇల్లు గుప్పిట్లోకి తీసుకునేదానికి," అని ఊరంతా చెప్పింది.

తిండిలో కలిపిన మందు కక్కించే ఆమెను పిలిపించారు. ఆమె ఆకుపసరు తాగిస్తే మామ పేగులు బయటపడేలా కక్కాడు. అందులోంచి నల్లటి ఉండ ఒకటి తీసి చూపించింది. అది ఆమె కొంగులోంచే వచ్చిందని నా అనుమానం, ఇప్పటికీ. కానీ వాకిట్లో వాళ్లంతా ఉండను వదిలేసి నన్ను చూశారు. ఒళ్లు మండిపోయింది. పుట్టింటికి తరిమేస్తారేమోనని భయమూ వేసింది.

మంట మాత్రం పోలేదు. మా ఆయన తండ్రిని రైలెక్కించి కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నేనూ పట్టుబట్టి వెళ్లాను.

"తిన్నాక ఏం చేస్తావు పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"ఏం జేస్తా సామీ, పండుకుంటా."

వంగితే మంట ఎక్కువవుతుందా, పొగాకు నములుతావా అని ఇంకా ఏవేవో అడిగాడు. కడుపులో పులుపు పైకి తన్నుతోందన్నాడు. కారం, పొగాకు తగ్గించి, తిన్న వెంటనే పడుకోకుండా, మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టుకోమన్నాడు.

పెట్టాం. మంట తగ్గింది. ఇక నా మీద నింద పోయినట్టే అనుకున్నాను.

"ఇటికెలతో రోగం పోతాదా? డాకటరు కనిపెడతాడని బయపడి మానుకునింది," అంది అత్త.

ఆ తర్వాత మైదుకూరులో మా పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లుండి వచ్చాను. వచ్చేసరికి మామ మళ్లీ గుండె రుద్దుకుంటున్నాడు. మంచం చదునుగా ఉంది. ఇటుకలు పెరట్లో నీళ్లపొయ్యికి చేరి మసిబారాయి. పనికిరానివని అత్తే తీసేసింది.

మామ సంగటి ముట్టుకోకుండా అత్తను ఎగాదిగా చూశాడు. "కోడలు లేన్నాళ్లూ వండింది నువ్వే కదే?"



నేను ఎన్నాళ్లుగానో కోరుకున్నది అదే. తీరా జరిగాక సంతోషం కలగలేదు. ఆ చూపు మీద పడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"మామా, ఇటికెలు లేకనే వచ్చిండాది మంట," అని పెరట్లోకి వెళ్లి వాటిని పట్టుకొచ్చాను. అత్త వంగి, మంచం తలవైపు ఎత్తి పట్టుకుంది.