అలిపిరి దగ్గర కొట్టిన టెంకాయ

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు తల వంచడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

పలమనేరు చుట్టుపక్కల మాకు ఒకప్పుడు మంచి పేరు. పొలాలు పోయాయి. చివరికి నాయన ఇష్టంగా తోలుకున్న పికప్ బండి కూడా పోయింది. అప్పులవాళ్లు దాన్ని తీసుకుపోయిన రోజు నాయన వాకిట్లోకి రాలేదు. ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. పేరొక్కటే మిగిలింది. నేను దాన్నే తొడుక్కుని తిరిగేవాణ్ని.

మునిరత్నం మా పక్క చేని రైతు కొడుకు. చిన్నప్పుడు ఆ పికప్ వెనక తొట్టిలో ఇద్దరం నిలబడి గాలికి నోళ్లు తెరిచేవాళ్లం. పెద్దయ్యాక, తన టమోటాలు తానే తోలుకోవాలని పాత బండి ఒకటి కొనాలనుకున్నాడు. మంచిది చూసిపెట్టమని నన్ను చిత్తూరు తీసుకెళ్లాడు.

షెడ్డులో రెండు పికప్‌లు ఉన్నాయి. నీలం రంగుది తళతళలాడుతోంది. తెల్లదానికి అక్కడక్కడా సొట్టలు. దాని తలుపు పట్టుకున్నాను. నా చెయ్యి దానంతటదే పిడిని కొంచెం పైకెత్తి లాగింది. తలుపు తెరుచుకుంది. అలా ఎత్తి లాగితే తప్ప తెరుచుకోని తలుపు నాకు ఒక్కటే తెలుసు. రంగు మార్చారు, అంతే. అది మా బండి.

స్టార్ట్ చేశాను. నాయన వస్తున్నాడని వీధి మలుపులోనే తెలిసే శబ్దం. ఏళ్ల తరబడి నిశ్చింతగా తిరిగే ఇంజిను. తర్వాత నీలందాన్ని స్టార్ట్ చేయించి, ఆయిలు పోసే మూత తీశాను. పొగ గుప్పున కొట్టింది. లోపలంతా అరిగిపోయింది. మూత బిగించేశాను.

"ఏమన్నా, తెల్లది బాగుండాదే?" అన్నాడు మునిరత్నం.

"వద్దప్పా. అది అయిపోయిన బండి. నీలందాన్ని తీసుకో."

"మెకానిక్కుకు సూపిద్దామా?" అని తనే నవ్వేశాడు. "నువ్వు సెప్పినాక మెకానిక్కెందుకులే. ఈడ నీళ్లుండాయని మీ నాయన అంటే మా నాయన మారుమాట్లాడకుండా బాయి తవ్విచ్చినాడు. పడినాయా, లేదా?"

షెడ్డు యజమాని పక్కనుంచి అందుకున్నాడు. "ఏమబ్బా, పెండ్లిసూపులకొచ్చినట్ల ఇంతసేపు సూస్తా ఉండారే. బండి సిగ్గుపడతాది!"

ముగ్గురం నవ్వాం. నేనూ నవ్వాను.

ఎందుకలా చెప్పాను? నాయన కూర్చున్న సీటులో మునిరత్నం కూర్చుని, మా వాకిలి ముందు నుంచి రోజూ పోతుంటే చూడలేననుకున్నాను. దాన్ని తిరిగి కొనే స్థోమత నాకు లేదు. నాకు దక్కనిది వాడికీ దక్కకూడదనుకున్నానా? నేను అంత నీచుణ్నా? అవును, అంతే.

కొన్న నీలం బండికి పూజ చేయించడానికి అలిపిరి పోయాం. మునిరత్నం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. టెంకాయ మాత్రం నా చేతికిచ్చాడు. పెద్దింటి చెయ్యి, మంచి జరుగుతుందన్నాడు. కొండకు ఎదురుగా నిలబడి, అన్నీ తెలిసీ, కొట్టాను.

ఆ వానాకాలమే మొగిలి ఘాట్‌లో బండి లోడుతో ఆగిపోయింది. టమోటాలు బుట్టల్లోనే కుళ్లాయి. బాగు చేయించాడు. మళ్లీ ఆగింది. చివరికి ఆ బావి ఉన్న చేను అమ్ముకుని, బెంగళూరులో ఎవరిదో లారీ తోలడానికి వెళ్లిపోయాడు. ఊళ్లో ఎవరైనా నన్ను తప్పుపడితే ఒప్పుకునేవాడు కాదట. బండి మంచిదే, తోలడం తనకే చేతకాలేదని చెప్పేవాడట. నా మాట నిలబెట్టడానికి తనను తాను తక్కువ చేసుకున్నాడు.

చాలా ఏళ్లకు నగరిలో మగ్గాల వీధిలో తెల్ల బండి కనబడింది. నూలు మూటలు దించి, డ్రైవరు తలుపును పైకెత్తి లాగి ఎక్కాడు. నేను దగ్గరికి పోలేకపోయాను. ఆ శబ్దం వీధి చివర దాకా విన్నాను. ఇప్పటికీ రోడ్డు మీద దూరంగా ఏ బండి చప్పుడు వినబడినా చెవి అటే పోతుంది. ఎవరి కోసం? నాయన కోసమా, "అన్నా" అని పిలిచే ఆ గొంతు కోసమా? విడదీయలేకపోతున్నాను.

మునిరత్నం ఎక్కడున్నాడో కనుక్కోవడం కష్టం కాదు. కనుక్కోలేదు. అడిగితే ఇట్టే క్షమించేస్తాడు. నేను భరించలేనిది అదే. అందుకే, వాడికి చెప్పాల్సిన మాట మీతో చెబుతున్నాను.

ఆ తెల్ల బండి మాది. దాని ఇంజిను బాగుంది. నాకు తెలుసు.