మా వాకిట్లో పోలండ్ మాటలు

మా పక్కింటి టీచరమ్మ పోయిన ఆదివారం తెల్లవారుజామున కన్నుమూసింది. కరీంనగర్‌లో మా గల్లీ మగ్గాలన్నీ ఆ రోజు బంద్ పెట్టారు. నాకు రాయడం పెద్దగా రాదు. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలి.

ఆసిఫాబాద్‌లో మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరై ఇక్కడికి వచ్చింది. అక్కడ ఆమె దగ్గర చదివిన ఒకడు పోలండ్ పోయి, ఆ దేశపు పిల్లనే చేసుకున్నాడు. ఆ పిల్ల దగ్గర ఫోన్‌లో టీచరమ్మ పోలండ్ భాష నేర్చుకుంది. ఆ దేశంలో ముసలివాళ్లను చూసుకునే పనికి పోదామనుకునే ఆడపిల్లలకు సాయంత్రాలు మా వాకిట్లో నేర్పేది.

పిల్లలు ముందుగా ఇంగ్లీషు మాటను పట్టుకొని దానికి సరిపోయే ఒక్క పోలండ్ మాట అడిగేవారు. ఆమె ఒప్పుకునేది కాదు.

“మందు టేక్, బస్సు టేక్, ఫోటో టేక్. ఇంగ్లీషోనికి అన్నీ టేకే. మీ అవ్వ ఎన్నడన్న బస్సు తీసుకున్నదా? ఎక్కింది. పోలండోళ్లు గూడ అంతే, పనికో మాట. మాటకు మాట పెట్టకుండ్రి, పనికి మాట పెట్టుండ్రి.”

పని చూపించడానికి మనిషి కావాలి కదా. ఆ మనిషిని నేనే. “అన్నా, జర వచ్చి కూసో. నువ్వేం మాట్లాడే పని లేదు” అనేది. అది నాకు చాలా నచ్చిన మాట. కుర్చీలో కూర్చుంటే పిల్లలు ఒక్కో మాట అంటూ నా తువ్వాల తీసేవారు, జ్వరం చూసేవారు, చెయ్యి పట్టి లేపేవారు.

మా తమ్ముని బిడ్డ కూడా ఆ పిల్లల్లో ఉంది. మొగుడు చనిపోయాక పిల్లలతో మా ఇంటికే వచ్చింది. ఒకనాడు నన్ను గుమ్మం దాకా నడిపిస్తూ, నడిపించే మాటకు బదులు బండిలో తీసుకుపోయేటప్పుడు అనే పోలండ్ మాట అన్నది.

“ఏందే, మీ పెద్దబాపును లారీల ఏసుకొని పోతున్నవా?” అన్నది టీచరమ్మ. నేను కూడా నవ్వాను.

ఆ పిల్లకు నేర్చుకున్నదంతా వచ్చు. కానీ కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. అట్లాగే ఒకసారి పని ఇచ్చే పోలండ్ వాళ్లు ఫోన్‌లో ప్రశ్నలు అడిగినప్పుడు పని చేజారింది. ఇంకొక్కసారి చూస్తామన్నారు. అదే ఆఖరిది.

అప్పటికే టీచరమ్మ మంచం పట్టింది. ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వని మనిషి, గోడ పట్టుకొని నడిచేది. ఆ ఆఖరి పరీక్ష రోజు ఆమె ఇంట్లోనే వీడియో కోసం ఫోన్ నిలబెట్టాం. నేను ఎప్పటిలాగే కుర్చీలో కూర్చున్నాను.

“అన్నా, లే. ఇయ్యాల నేను కూసుంట.”

“నీకు పానం బాగలేదు గద టీచరమ్మా.”

“బాగలేనోళ్ల పనే గద అది” అన్నది.

ఫోన్‌లో పని ఇచ్చే పోలండ్ ఆమె, పెద్దావిడకు స్వెట్టర్ తొడగమని చెప్పింది. మా పిల్ల స్వెట్టర్ పట్టుకొని బిగుసుకుపోయింది. టీచరమ్మ ఒక్క మాట కూడా అందించలేదు. రెండు చేతులూ పైకెత్తింది, స్నానం చేసి వచ్చిన పసిపిల్ల ఎత్తినట్టు.

పిల్ల నోరు తెరుచుకుంది. మాట చెప్పి తొడిగింది. మాట చెప్పి మందు వేసింది, లేపింది, కిటికీ దాకా నడిపించింది. టీచరమ్మ ఎక్కడా సరిదిద్దలేదు. ఆ పెద్దావిడ ఎవరని ఫోన్‌లో ఆమె అడిగిందట. “మా టీచర్” అని చెప్పిందట మా పిల్ల. ఆమె నవ్వి, కాగితాలు పంపుతాం, రమ్మన్నది.

ఫోన్ పెట్టేశాక పిల్ల ఏడుస్తూ స్వెట్టర్ విప్పబోయింది. టీచరమ్మ ఆ చెయ్యి ఆపింది. బయట ఎండ మండిపోతోంది. నుదుటి మీద చెమట కారుతుంటే, మెడ దాకా ఉన్ని స్వెట్టర్‌తో, తనిఖీకి వచ్చిన అధికారి ముందు కూర్చున్నట్టు నిటారుగా చాలాసేపు అట్లాగే కూర్చుంది.