మీ తాత పెన్‌డ్రైవ్ తుడిపిచ్చిన సంగతి

మీ తాత భజనలు పొరపాటున పోయినయని ఫోన్‌ల మీకు జెప్పిన గదా బిడ్డా, అది అబద్ధం. నేనే తుడిపిచ్చిన.

మీరు ఆయన పాట దూరంకెల్లి ఇంటరు గనక మంచిగుందంటరు. వర్ని కాడ మన చేన్ల పసుపు తవ్వెటోళ్లను అడుగుండ్రి. ట్రాక్టరు మీది పాటల డబ్బకు పెన్‌డ్రైవ్ పెడితే, పొద్దుగాల నుంచి సద్ది తినేదాన్క ఆయన గొంతే. "అవ్వా, ఎండకన్న ఓర్సుకుంటం గని గా పాటకు ఓర్సుకోలేం" అన్నదొకామె.

గిట్లుండంగ డబ్బ కరాబైంది. కొత్తది తెస్తే దానికి పెన్‌డ్రైవ్ వడలే. తీసిండు, పెట్టిండు, ఊదిండు, ధోతికి తుడిసిండు. ఊఁహూఁ. నన్ను బోధన్‌కు తోలిండు, సూపిచ్చుకరమ్మని.

షాపాయన కంప్యూటర్‌కు వెట్టి సూసిండు. "అవ్వా, గిది వేరే తీరుగ రాసుంది. మరాఠీ బోర్డు నువ్వు సదువలేనట్టే, నీ డబ్బ దీన్ని సదువది. ఫార్మాట్ గొట్టి ఫ్యాట్ థర్టీటూ అనే తీరుగ జేస్తే సదువుతది. గని అన్నీ సాఫ్ అయితయి. ఏందో పాటలున్నయి, పక్కకు దీసి పెట్టాల్నా?"

నాకు చేన్ల ఆడోళ్ల మొఖాలు యాదికొచ్చినయి.

"అక్కర్లేదయ్యా, కొట్టెయ్యి" అన్న, మెల్లగనే.

ఇంటికొచ్చి పాటలు పోయినయని జెప్పిన. లొల్లి వెడ్తడనుకున్న. వెట్టలే. మంచం మీద కూసోని పెన్‌డ్రైవ్‌ను అరచేతిల వెట్టుకొని సూస్తుండు.

"నా పాట పోతే పోనియ్యి. వాని డోలక్ వోయిందే" అన్నడు.

గప్పుడు నా బుర్రకెక్కింది. డోలక్ గొట్టింది ఆయన చిన్ననాటి దోస్తు. కాలం జేసి రెండేండ్లు. ఆ దోస్తు చప్పుడు ఇంకేడ లేదు, గా పెన్‌డ్రైవ్‌లనే ఉండె.

"ఇగో, నేనే కొట్టెయ్యమన్న."

"ఎందుకే?"

"నీ గొంతుకు ఓర్సుకోలేక."

కొరకొర సూసిండు. పాటలు తిరిగొస్తయేమో అడుగుదమని ఇద్దరం బస్సెక్కి మల్ల బోధన్ వోయినం.

"కొత్తయేమన్న ఎక్కిచ్చిండ్రా?" అని షాపాయన అడిగిండు.

"ఏం లేదయ్యా."

"అయితె బతికినవ్ అవ్వా. ఫార్మాట్ పై పేర్లనే తుడిసింది. కొత్తయి ఎక్కేదాన్క పాతయి లోపల్నే ఉంటయి."

ఏందో పోగ్రాం వెట్టి గంట సేపు కూసున్నడు. పేర్లు వోయినయి, పాటలొచ్చినయి. సరిగ్గొచ్చినయా లేదా అని ఒకటి పెట్టిండు. అండ్ల మీ తాత గొంతెత్తిండు. గంతలనే డోలక్ ఆగింది. దోస్తు మాట ఇనొచ్చింది:

"అరేయ్, నువ్వొక దిక్కు, డోలక్ ఒక దిక్కు పోతున్నయిరా. ఆపు, నా చెవులు వోతున్నయి!"

షాపాయన నవ్వు ఆపుకోలేక కౌంటర్ కిందికి వొంగిండు. మీ తాత నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నడు.

"మల్ల పెట్టు" అన్నడు.

షాపాయన పాట మొదట్నుంచి పెట్టిండు.

"పాటొద్దయ్యా. వాడు తిట్టిన కాడికెల్లి పెట్టు."