కాగు అడుగు నీళ్లు

తేట నీళ్లు అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కోపం నీళ్ల మీద కాదు, ఆ తేటను మా ఇంట్లో పంచిన పద్ధతి మీద.

డెబ్బైల్లో మాది బెజవాడకు దిగువన, కాలవ గట్టు మీది ఊరు. ఎండాకాలం కట్టేసిన కాలవకు మళ్లీ నీళ్లు వదిలితే, కొన్నాళ్లపాటు ఎర్రటి బురదే పారేది. తాగడానికీ అవే. అమ్మ తెల్లారగానే బిందెలతో మోసి వంటింటి మూల ఉన్న పెద్ద మట్టికాగులో పోసేది. చిల్లగింజను సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని నీళ్లలో కలిపి, మూత పెట్టి వదిలేసేది. మధ్యాహ్నానికి మట్టంతా అడుక్కి దిగి, పైన నీళ్లు తేరేవి.

ఇక్కడిదాకా బాగానే ఉంది. సైన్సు పుస్తకంలోనూ ఇంతే ఉండేది: తేటను మెల్లగా వేరే పాత్రలోకి వంచాలని. ఎవరి పాత్రలోకో అందులో రాయలేదు. మా ఇంట్లో అది నాన్నకు, తాతయ్యకు, వచ్చిపోయే వాళ్లకు. అడుగున మిగిలిన మడ్డి నీళ్లు పాతచీర ముక్కలో వడకట్టుకుని మేం ఆడవాళ్లం తాగాలి. గుడ్డలో చెత్త ఆగుతుంది గానీ, ఆ సన్నటి బురద ఆగుతుందా? పళ్ల మధ్య కరకరలాడేది.

"మొగాళ్లు ఎండన పడి వస్తారే," అనేది నాయనమ్మ. కాలవ నుంచి ఆ నీళ్లు మోసిన మనిషి ఏ నీడన నడిచిందో ఎవరూ అడగలేదు.

నేను ఎనిమిదో తరగతి చదివే ఏడు, ఆ ఎర్రనీళ్ల రోజుల్లోనే అమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాటికి కళ్లు లోతుకు పోయాయి. డాక్టరు గారు సైకిల్ మీద వచ్చి సూదిమందు వేశారు.

"నీళ్లు మరగబెట్టి, చల్లార్చి పడుతూనే ఉండండమ్మా. నీళ్లు లోపలికి పోకపోతే మనిషి దక్కదు," అని నాయనమ్మకు గట్టిగా చెప్పి వెళ్లారు.

నేను గిన్నె తీసుకుని కాగు దగ్గరికి పరుగెత్తాను. పొద్దున నేను మోసి పోసిన నీళ్లు చక్కగా తేరి ఉన్నాయి. ముంచబోతుంటే నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న అన్నానికి కూర్చున్నాడు. పైవి ఆళ్లకి తీసిపెట్టి, అడుగువి కాచు."

"అమ్మకి నాయనమ్మా! డాక్టరు గారు చెప్పారుగా!"

"మరగబెట్టేదానికి తేటెందుకే? మరిగిపోయాక మట్టేం చేస్తది?"

పీట మీదున్న నాన్నకు ఇదంతా వినబడుతూనే ఉంది. ఆయన వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. ఆయన పప్పన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు.

నాకు ఒళ్లు తెలియలేదు. గిన్నె విసిరికొట్టి, కాగులోకి వంగి చేత్తో అడుగు నుంచి గిరగిరా కలిపేశాను. దిగిన మట్టంతా పైకి లేచింది.

"ఇప్పుడు తాగండి! అందరికీ ఇవే నీళ్లు!"

నాయనమ్మ నెత్తి బాదుకుంది. నాన్న ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి నా చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బకు నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత జరిగినదానికి వచ్చింది.

అమ్మ గోడ పట్టుకుని మంచం దిగి వచ్చింది. "దాన్ని కొట్టకండి. నేను తేరుస్తానుగా," అంటూ కాగు పక్కన కూలబడి, సానరాయి ముందుకు లాక్కుని చిల్లగింజ అరగదీయసాగింది. నేను లాక్కోబోతే ఇవ్వలేదు, లేవదీస్తే లేవలేదు. నీళ్లు తేరేదాకా గోడకు ఆనుకుని అక్కడే కూర్చుంది.

తేరాక మొదటి చెంబు ముంచి నాన్నకే అందించింది. ఆమె పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి. నాన్న చెంబు ఎత్తి గటగటా తాగి, ఖాళీది మళ్లీ ఆమె ముందే పెట్టాడు.

"ఇంకో చెంబు," అన్నాడు.