సొన మచ్చ అనుకున్నాం

నా చిన్నప్పుడు కాయ కోతల రోజులొస్తే మా నూజివీడు వైపు మచ్చ లేని పిల్ల మొహం కనిపించేది కాదు. మామిడికాయ తుంచగానే తొడిమ దగ్గర చిమ్మే సొన ఎక్కడ పడితే అక్కడ పొక్కేది, మండేది, మచ్చ కట్టేది. నా ఎడమ మోచేతి మీద కూడా పాలిపోయిన మచ్చ ఒకటుండేది. సొనేలే అని అమ్మ కొబ్బరినూనె రాసి ఊరుకుంది. అది ఏనాడూ మండలేదు. నేనంత గట్టిదాన్నని కోతలు కోసేదాన్ని కూడానూ.

మూడో తరగతిలో ఉండగా ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మగారు మా బడికి వచ్చారు. ఇదో ఆట అన్నారు మా మాస్టారు. కళ్ళు మూసుకుని, ఆవిడ కోడి ఈకతో ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టాలి. అందరూ కితకితలకి నవ్వుతూ పెట్టేశారు. నా వంతు వచ్చింది. నించున్నాను, నించున్నాను. విసుగొచ్చి, "ఇంకా మొదలెట్టలేదాండీ?" అన్నాను.

కాసేపటికి అరచేతిలో గిలి పుట్టింది, వేలు పెట్టాను. "భేష్, నువ్వూ నెగ్గావు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు అదోలా ఉంది.

సాయంత్రం అమ్మని పిలిపించారు. వరండాలో నిలబడి అంతా విన్నాను. మచ్చ మీద ఈక తాకినా తెలీలేదంటే కుష్టు అన్నారు నర్సమ్మగారు, మందుంది, తగ్గిపోతుంది అని కూడా అన్నారు. అమ్మ ఆ రెండో మాట వినిపించుకోలేదు.

"బయటికి పొక్కితే మా తోట కాయ ఎవరు ముడతారండీ? రేపట్నించి బడి మాన్పించేస్తాను."

"మాన్పించి గదిలో దాస్తే చెయ్యి పోతుందమ్మా. పంపండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు మాస్టారు.

నాకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. చెవుల్లో దూది కుక్కినట్టుంది, అంతే.

మర్నాటి నుంచి ప్రార్థన కాగానే మాస్టారి గదిలో కూజా నింపే పని నాది. నింపాక ఆయన బీరువాలోంచి మాత్ర తీసిచ్చి, మింగేదాకా చూసేవారు. నెలకోసారి నర్సమ్మగారు తూకం యంత్రం మోసుకుని బస్సు దిగేవారు. బడంతా వరస కట్టేది. అందరినీ తూచి, అందరి చేతులూ తిప్పి చూసేవారు. ఎండలో ఈ గోలేంటండీ అని సణిగేదాన్ని నేనే.

జబ్బు తగ్గింది, చెయ్యి దక్కింది. పెళ్ళై పిల్లలు పుట్టాక ఒకనాడు అమ్మ చెప్పింది. నన్నొక్కదాన్నే నెలనెలా ఆస్పత్రికి పిలిస్తే ఊరు పసిగడుతుందని, ఆ ఇద్దరూ కూడబలుక్కుని బడంతటికీ తూకాలు పెట్టారట.

"నీ ఒక్కదాని కోసమేనే" అంది.

అప్పటికి ఆ ఇద్దరూ లేరు. ఏడవాలి కదా, ఏడుపు రాలేదు. రాతిగుండె దానివే అంది అమ్మ. అవునేమో, ఇప్పటికీ రాలేదు.

కానీ ఏ బడి ముందైనా డాక్టరు పరీక్ష కోసం పిల్లలు బారులు తీరి కనిపిస్తే ఆగిపోతాను. ఇందులో ఒక్కరి కోసమే ఇంతమందినీ నిలబెట్టి ఉంటారు అనిపిస్తుంది. ఎవరా అని మాత్రం వెతకను.