అన్న పెట్టిన పొర్లుదండాలు

ఇన్నేళ్లు మోశాను. ఇక నా వల్ల కాదు. నా భార్యకు కూడా చెప్పలేదు, ఆమె పోయింది. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టే.

యుద్ధంలో మా బాంబర్ విమానంలో ఇద్దరమే ఉండేవాళ్లం. నడిపేది అన్న. తోబుట్టువు కాదు, నేనలా పిలిచేవాణ్ణి. నందవరం వైపు మనిషి. నాది ఆదోని. భాష కలిసిందని మేమే జట్టు కట్టాం. విమానం ముక్కులో అద్దం వెనక బోర్లా పడుకుని గురి చూడటం, బాంబులు వదిలే బటన్ నొక్కడం నా పని. అన్నకు కింద ఏముందో కనిపించదు. నేను ఏం చెబితే అదే ఆయనకు నిజం.

ఆ వేకువన మా గురి ఒక వంతెన. కింద నుంచి ఫిరంగులు పేలుతున్నాయి. వంతెన ఇంకా గురిలోకి రాలేదు. నొక్కేశాను. భయం. దానికి ఇంకో పేరు లేదు. బాంబులు వంతెనకు ఇవతల ఊరి మీద పడ్డాయి. అప్పుడే పొయ్యిలు రాజేసుకున్న ఇళ్లు. పొగ కనిపించింది.

దిగగానే అన్న అడిగాడు. "ఏమైందప్పా?"

"విమానం పక్కకు జరిగిందన్నా."

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "నా సెయ్యే వణికినట్టుంది. ఆ ఊరోళ్ల ఉసురు నాకే తగుల్తాదప్పా."

కాదన్నా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. పై అధికారుల ముందూ అదే అబద్ధం. ఉద్యోగం పోతుందనా? పిరికివాడంటారనా? ఇప్పుడు ఎంత తవ్వుకున్నా ఏదో ఒక సాకే దొరుకుతుంది. అన్న మాత్రం మళ్లీ విమానం ఎక్కలేదు.

ఊళ్లకు చేరాక ఏటా ఇద్దరం మంత్రాలయం పోతాం. ఏట్లో మునిగి, తడి పంచెతో మఠం చుట్టూ పొర్లుదండాలు పెడతాడు అన్న, ఆ ఊరివాళ్ల కోసం. నేను ఆయన చొక్కా, కళ్లజోడు పట్టుకుని పక్కన నడుస్తాను. ఏటా అంతే.

ఈసారి వయసు మీదపడి ఆయన భుజం పైకి లేవలేదు. "నా బదులు నువ్వు పెట్టప్పా. పాపం నాదే గదా," అన్నాడు.

చొక్కా విప్పి ఆయన చేతికిచ్చాను. బండల మీద దొర్లాను. దొర్లినప్పుడల్లా ఆయన పాదాలు కనిపించాయి, మెల్లగా, నా పక్కనే నడుస్తూ. ఇప్పుడైనా చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని నన్ను నేను తిట్టుకుంటూనే ముగించాను. లేచేసరికి అన్న నాకు చేతులు జోడించి మొక్కాడు. కళ్లనిండా నీళ్లు.

"నా బరువు నువ్వు మోసినావప్పా."

ఛీ, ఏం మనిషిని నేను! చొక్కా తీసుకుని గుండీలు పెట్టుకున్నాను. ఆదోని బస్సెక్కాను.

తొందరపడి నొక్కింది నేను. రాసేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అన్న చెయ్యి వణకలేదు.